స్లాబు కింద కుర్చీ

మా మామయ్య కుర్చీ మడిచేశారు.

రాస్తే ఇంత చిన్న మాట. కానీ ఆ పొద్దున హాలియా రోడ్డు పక్కన ఆ ప్లాటులో నిలబడ్డ ముప్పై మందీ చేస్తున్న పని వదిలేసి అటే చూశారు. మా అత్తమ్మ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. మా ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ముప్పై ఏళ్లలో యేసయ్య మేస్త్రి కుర్చీ వేసి కూర్చోని స్లాబు లేదు మరి.

ముందు ఆ కుర్చీ సంగతి చెప్పాలి. మిర్యాలగూడలో మాది ఇళ్లు కట్టే చిన్న కంపెనీ. కంపెనీ అంటే ఏదో అద్దాల ఆఫీసు ఊహించుకునేరు. మా ఇంటి ముందు గదే ఆఫీసు. మామయ్య యేసయ్య మేస్త్రి, అత్తమ్మ సుందరమ్మ, డిప్లొమా చదివిన మా ఆయన కృపాకర్, మా మరిది మధు, కోదాడ నుంచి కోడలిగా వచ్చిన నేను. ఇంతే మా కంపెనీ. గుమ్మం మీద మా ఆయన పెద్ద బోర్డు రాయించాడు గానీ, దాన్ని చదివిన వాళ్లెవరూ నాకు కనపడలేదు. అందరూ "యేసయ్య మేస్త్రి ఇల్లు యాడ?" అనే అడుగుతారు.

ఆయన్ని ఊరంతా నమ్మడానికి కారణం ఆ ఇనుప కుర్చీ. ఎప్పుడో పచ్చరంగు వేశారట, ఇప్పుడు ఎక్కడా ఆనవాలు లేదు. స్లాబు పోసిన ఇరవయ్యొకటో రోజున, పచ్చి స్లాబును మోయడానికి కింద నిలబెట్టిన జాకీలు, సెంట్రింగ్ రేకులు ఊడదీస్తారు. లోకంలో ఏ మేస్త్రి అయినా ఆ పని దూరం నుంచే చూస్తాడు. మా మామయ్య మాత్రం కుర్చీ చంకన పెట్టుకుని లోపలికి పోతారు. హాలు నడిమధ్యలో కుర్చీ వేస్తారు. కూర్చునే ముందు ఆగి ఒకసారి చుట్టూ చూస్తారు. ఆ తర్వాత కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, "ఇగ కొట్టుర్రి" అంటారు. మధు సుత్తి తీసుకుని ఒక్కో జాకీ కొడుతుంటే రేకులు ధడేల్‌మని పడుతుంటాయి. ఆయన మాత్రం బస్సు కోసం కూర్చున్నంత నిమ్మళంగా కూర్చుంటారు. పెళ్లయి వచ్చిన నెలలో మొదటిసారి అది చూసి నేను కెవ్వుమన్నాను. సైటంతా నవ్వింది. ఇప్పటికీ మధు ఆ అరుపు అరిచి చూపిస్తాడు.

అట్లాంటి మనిషి ఆ రోజు కుర్చీ వేశారు, చుట్టూ చూశారు, మడిచేశారు. అదీ ఎవరి ఇంట్లో? గౌరక్క ఇంట్లో.

గౌరీబాయి. మేమంతా గౌరక్క అంటాం. పాలకీడు దగ్గర తండా నుంచి ఇరవై రెండేళ్ల కింద మొగుడు రాందాస్‌తో కలిసి మా మామయ్య దగ్గరికి పనికి వచ్చింది. చంకలో ఆర్నెల్ల కూతురు జమునా. సెంట్రింగ్ కట్టెలకు పాత చీరతో ఉయ్యాల కట్టి, పిల్లను అందులో వేసి తట్టలు మోసిందట. రాందాస్ ఇనుప సలాకలు వంచే పనిలో చేరాడు. అతను మంచివాడే గానీ మాట తక్కువ. అతని వాటా మాటలు కూడా గౌరక్కే మాట్లాడేస్తుంది.

ఒకరోజు స్లాబుకు నీళ్లు కొట్టాల్సిన మనిషి రాలేదు. సిమెంటు పోసి వదిలేస్తే గట్టిపడదు, రెండు మూడు వారాలు తడి ఆరకుండా చూడాలి. ఆ సంగతి ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. ఆ రోజు గౌరక్క పైపు పట్టుకుంది. అంతే, మళ్లీ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. సూర్యాపేటలో ఇల్లయినా, కోదాడలో ఫంక్షన్ హాలయినా, మాడుగులపల్లిలో రైతు ఇల్లయినా మా కంపెనీ స్లాబుకు నీళ్లంటే గౌరక్కే. స్లాబు మీద సిమెంటు గట్లతో మడులు కడుతుంది. నీళ్లు నింపుతుంది. మిర్యాలగూడలో వడ్లకు కొదవా, గడ్డికి కొదవా? ఎవరినో ఒకరిని బతిమాలి వరిగడ్డి తెచ్చి పరుస్తుంది. నడి ఎండలో గొడుగేసుకుని వచ్చి, చెప్పులు కింద విడిచి, ఉత్త కాళ్లతో స్లాబంతా తిరుగుతుంది. ఎక్కడ కాలు చురుక్కుమంటే అక్కడ ఆగి, "గీడ దానికి దాహమైతుంది" అంటుంది. ఆమె అరికాళ్లు చూస్తే మీకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నాకు తిరగలేదు. రోజూ చూసేదాన్ని కదా, అలవాటైపోయింది.

ఆమె మొండితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. హాలియాలో ఒక ఇంటాయన బోరు నీళ్లతో కారు కడుక్కుంటుంటే పైపు లాక్కుంది. "సారూ, నీ కారు ఇయ్యాల స్నానం చెయ్యకపోతే సావదు. నా స్లాబు సస్తది" అందట. మధు పెళ్లి రోజు చర్చిలో అందరూ పట్టుచీరల్లో ఉంటే ఈమె ప్రార్థన సగంలో, మోకాళ్ల దాకా తడిసిన చీరతో వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అత్తమ్మ కళ్లతోనే చీవాట్లు పెడితే, "ఏం జేయాలె సుందరక్కా, నిన్ననే స్లాబు పోసిండ్రు, ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్లొస్త?" అని చర్చి అంతా వినపడేలా చెప్పింది. పాస్టరుగారే నవ్వారు.

అట్లా ఊళ్లో వాళ్ల స్లాబులన్నీ తడిపి తడిపి, చివరికి ఈ ఏడు తన ఇల్లు మొదలుపెట్టుకుంది. హాలియా రోడ్డులో ఇంకా పక్కన ఒక్క ఇల్లూ లేవని వెంచర్లో చిన్న ప్లాటు. రెండు గదులు, ఒక హాలు, ముందు చిన్న వరండా. పని అంతా మా కంపెనీదే, కూలి మాట ఎత్తొద్దని మామయ్య ముందే చెప్పారు.

ఇక మామయ్య పెట్టిన ఒట్టు. ఆ ఒట్టే లేకపోతే ఇదంతా జరిగేదే కాదు. మా మామయ్యకు ఒక పట్టింపు ఉంది. ఇల్లు ఎవరిదో వాళ్లు పనిముట్టు ముట్టకూడదు. ఇల్లు కట్టించుకునే మనిషి ఆ కొన్ని నెలలన్నా రాజులా ఉండాలంటారు. గౌరక్క అయితే రాణిలా ఉండే రకం కాదు. స్లాబు పోసే రోజు అత్తమ్మ ఆమెకు కొత్త చీర కట్టించి, నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు నిమిషాలకోసారి లేచి తట్ట అందుకోబోతుంది. మూడోసారి మామయ్య వచ్చి ఆమె చేతిలో తట్ట గుంజుకున్నారు.

"గౌరీ, ఇయ్యాల నువ్వు కూలిదానివి కాదు. ఇంటి ఓనర్‌వి. ఈ ఇంటి పని ఖతమయ్యేదాంక తట్ట గానీ, పార గానీ, పైపు గానీ ముట్టినవంటే నా మీద ఒట్టే."

అందరం చప్పట్లు కొట్టాం. నేను ఫోన్లో ఫొటో కూడా తీశాను. అందులో గౌరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతుందనుకున్నాను, ఏడుస్తుందట.

మర్నాడు తెల్లవారకముందే జమునాకు నొప్పులు వచ్చాయి. నెలలు నిండలేదు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువ. అద్దాల పెట్టెలో పెట్టారు. గౌరక్క పదహారు రోజులు దవాఖాన వరండాలోనే ఉంది. రాందాస్ మనవరాలిని చూసి, కోదాడ ఫంక్షన్ హాలు పని మధ్యలో ఆగకూడదని అటు పోయాడు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. దాటేయాలని ఉంది గానీ దాటేస్తే ఇది రాయడమే దండగ.

రోజూ పొద్దున ఆరింటికి వాట్సాప్ గ్రూపులో ఆ రోజు పనులు పెట్టేది నేనే. ఎవరు ఏ సైటుకు పోవాలి, ఇసుక ఎక్కడ దించాలి, టైల్స్ వాళ్లు ఎప్పుడు వస్తారు. అన్నీ వరసగా రాస్తాను. నా లిస్టు లేకపోతే ఇంట్లో మగవాళ్లు చెప్పులు కూడా వేసుకోరని నాకో గర్వం. స్లాబు పోసిన మూడో రోజు, సూర్యాపేట నుంచి గౌరక్క ఫోన్ చేసింది. అవతల లారీ డ్రైవర్ దారి తెలియక అరుస్తున్నాడు, ఇవతల కరెంటు పని అతను తలుపు దగ్గర నిలబడ్డాడు.

"గీతమ్మా, మన స్లాబుకు నీళ్లు..." అంది.

"గౌరక్కా, నీకెందుకు ఆ టెన్షన్? మేం లేమా? నువ్వు మనవరాల్ని చూసుకో," అన్నాను. పెట్టేశాను.

ఆ మాటను ఎంత ప్రేమగా అన్నానో, అంత ప్రేమగానే మర్చిపోయాను. మధు చూస్తున్నాడని మా ఆయన అనుకున్నాడు. మధు, తండా నుంచి ఎవరో చుట్టాలు వచ్చి కొడుతున్నారనుకున్నాడు. అత్తమ్మ, లిస్టులో ఉండే ఉంటుందనుకుంది. ఇరవై రెండేళ్లలో నీళ్లు కొట్టమని మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. స్లాబు ఎండలో ఒంటరిగా ఉంది. మేమేమో ఆ దారిన పోతూ బండి మీంచే చూసి, "గౌరక్క ఇల్లు భలే వచ్చింది" అనుకుంటూ పోయాం.

ఇరవయ్యొకటో రోజు. జమునా, పాప ఇంటికొచ్చారని సంబరం, పైగా సెంట్రింగ్ ఊడదీసే రోజు. తండా నుంచి చుట్టాలు వచ్చారు. కోదాడ నుంచి మా అమ్మానాన్నలు కూడా వచ్చారు. మామయ్య కుర్చీ తీసుకుని లోపలికి పోయారు. వేశారు. చుట్టూ చూశారు.

ఆయన చూపు ఒక దగ్గర ఆగింది. అక్కడ కొత్త చీరలో గౌరక్క, తల వంచుకుని ఉంది. ఆయన ఆగి మళ్లీ చూశారు. గౌరక్క తల ఎత్తలేదు. ఆయన కుర్చీ మడిచారు.

"మధూ, సుత్తి కింద పెట్టు."

నిచ్చెనెక్కి పైకి పోయారు. వెనకే మేము. పైన వరిగడ్డి లేదు, మడుల్లేవు. స్లాబు తెల్లగా పాలిపోయి, ఈ మూల నుంచి ఆ మూలకు బీటలు. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలి గోటితో గీకారు. పిండి రాలింది. సిమెంటు! గోటికి పిండిలా రాలింది!

"నీళ్లు ఎవరు వెట్టిన్రు?"

మా ఆయన మధు వైపు చూశాడు. మధు నా వైపు చూశాడు. నేను ఫోన్ తీసి గ్రూపులో వెనక్కి జరుపుకుంటూ పోయాను. ఇరవై రోజుల లిస్టులు. అందులో నీళ్లన్న మాటే లేదు. ఇంకా వెనక్కి పోయాను. అంతకుముందు నెల, అంతకుముందు ఏడు. నేను ఈ ఇంటికొచ్చి ఏడేళ్లు, రోజూ లిస్టు రాస్తున్నాను, ఒక్కరోజు కూడా నీళ్లని రాయలేదు. గౌరక్కకు నొక్కుడు ఫోనే కాబట్టి ఆమె ఆ గ్రూపులోనే లేదు. ఏడేళ్లుగా మా కంపెనీ నా లిస్టు మీద నడుస్తుందనుకున్నాను.

మామయ్య కిందికి దిగారు. ఆయన గౌరక్క మీద గొంతు లేపడం అత్తమ్మ కూడా ఎన్నడూ వినలేదట.

"ఇరవై రెండేండ్లు నీళ్లు కొట్టినవ్ గదనే! నీ ఇంటికొచ్చేసరికి ఏమైంది నీకు? చెయ్యి వెట్టొద్దన్న, నోరు మూసుకొమ్మన్ననా? ఒక్కపారన్న ఎవర్నన్న అడగలేదా?"

గౌరక్క తలెత్తింది. మామయ్య భుజం మీంచి సూటిగా నన్ను చూసింది. నా పక్కన మా అమ్మానాన్నలున్నారు, ఆ సంగతి కూడా చూసింది. ఒక్క క్షణం. తర్వాత కళ్లు దించుకుంది.

"లేదు మేస్త్రీ. అడగలేదు. మనవరాలి రంధిల పడి మర్సిపోయిన."

ఆమె ఇల్లు పోతుంది. పోగొట్టింది నేను. ఆ నింద తన నెత్తిన వేసుకుంటుంది, నా పుట్టింటివాళ్ల ముందు నా పరువు పోకూడదని. చుట్టాల్లో ఎవరో ముసలాయన, "గట్లెట్ల మర్సిపోతవే" అని ఆమెనే కసిరాడు. రాందాస్ కూడా పెళ్లాం వైపు కోపంగా చూశాడు. నేను అప్పటికీ నోరు తెరవలేదు. ఎంతసేపంటే, ఆమె బోరు దగ్గరికి పోయి, దోసిలి పట్టి నీళ్లు తాగి, ముఖం కడుక్కుని, మళ్లీ వచ్చి అదే చోట నిలబడేంత సేపు. అంతసేపు నేను మనిషినేనా అని ఈ రోజుకూ నన్ను నేనే అడుగుతుంటాను.

"ఆమె అడిగింది మామయ్యా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. "మూడో రోజే ఫోన్ చేసి అడిగింది. నీకెందుకు, మేం చూసుకుంటామని నేనే అన్నాను. అని మర్చిపోయాను."

మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామయ్య నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గౌరక్క దగ్గరికి పోయి రెండు చేతులూ జోడించారు. అరవై ఏళ్లు దాటిన మేస్త్రి, తన దగ్గర తట్టలు మోసిన మనిషికి, అంత మందిలో. గౌరక్క బెదిరిపోయి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

మా ఆయన సూర్యాపేట నుంచి తెలిసిన ఇంజనీరును, ఆయన పరీక్ష మిషన్‌ను తీసుకొచ్చాడు. స్లాబు మీద పది చోట్ల కొట్టి చూశారు. ఉండాల్సిన గట్టితనంలో సగం కూడా లేదు. పైన ఇంకో పూత వేసి, కింద దూలాలు పెట్టి నిలబెట్టొచ్చేమో అని మా ఆయన నసిగాడు. మామయ్య వినలేదు.

"నేను కుర్చీ ఎయ్యని స్లాబు కింద ఆ పసిపిల్లను పండవెడ్తరా? కూల్చుడే."

మొదటి దెబ్బ ఆయనే వేశారు. నాలుగు రోజులు పట్టింది కూల్చడానికి. గౌరక్క మాత్రం అటువైపు రాలేదు. మేం రోడ్డు అవతల కిరాయికి చూసిపెట్టిన గదిలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సమ్మెట చప్పుడు అక్కడికి వినపడే దూరమే. మూడో రోజు నేను ఆ గదికి పోయాను. ఏం చెప్పాలో తెలియక గుమ్మం దగ్గరే కూలబడ్డాను.

"దవాఖాన నుంచి రాంగనే చూసిన గీతమ్మా," అంది ఆమే. "పదిహేడో దినం. ఆటో ఆపి నిచ్చెనెక్కిన. ఎండిపోయి ఉంది. అయినా పైపు చేతిలకు తీసుకున్న. మేస్త్రి ఒట్టు యాదికొచ్చింది. నా మీద ఒట్టే అన్నడు గద. కింద పెట్టిన."

"నాకు చెప్పొచ్చు కదా అక్కా! ఒక్క మాట చెప్పొచ్చు కదా!" నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"సూర్యాపేటల కిందటేడు స్లాబు మీద ఏదో తెల్లమందు కొట్టిండ్రు సూడు, నీళ్లక్కర్లేదని. అదే కొట్టిండ్రేమో, సదువుకున్నోళ్లకు నేనేం చెప్తనని ఊకున్న. నాలుగు దినాలు గట్లనే మనసుకు చెప్పుకున్న. కానీ మేస్త్రి కుర్చీ ఏసి నా దిక్కు సూస్తే, తల ఎట్ల ఊపుత? నాకు తెల్వని దానికి ఎట్ల ఊపుత?"

నాకు అర్థం కాలేదు. "తల ఊపడమేంటి?"

ఆమె నన్ను వింతగా చూసింది. "కూసునే ముంగట నన్ను సూస్తడు గద. నేను ఊపితేనే గద కూసుంటడు."

ఏడేళ్లుగా ఆ సైట్ల మీద నిలబడి ఉన్నాను. ఆయన చుట్టూ చూస్తుంటే దేవుణ్ని తలుచుకుంటున్నారనుకున్నాను. ఇంటికి పోయి మామయ్యనే అడిగాను.

"అవ్ బిడ్డా," అన్నారు ఆయన తల గోక్కుంటూ. "సలాకలు సక్కగున్నయో లేవో నాకు తెలుసు. సిమెంటు మాల్ ఎట్ల కలిసిందో తెలుసు. పోసినంక ఇరవై దినాలు అది ఎట్లుందో నాకేం ఎరుక? రోజు దాని మీద నడిసినామెకే ఎరుక. ఊరంతా నన్ను నమ్ముకుని ఉంది. నేను గౌరిని నమ్ముకుని కూసుంటున్న."

అంత పెద్ద సంగతి ఆయన అన్నం తింటూ చెప్పారు. మా కంపెనీ పేరు మీద ఈ చుట్టుపక్కల ఊళ్లలో లేచిన ఇళ్లన్నీ గుర్తొచ్చాయి. ప్రతి ఇంట్లో ఆ కుర్చీ, ప్రతి ఇంట్లో మూలన తడిసిన చీరతో ఒక మనిషి. ఆ కుర్చీ ఫొటోలు నేనే తీశాను. ఒక్క ఫొటోలోనూ ఆమె లేదు.

రెండో స్లాబు జూన్ మొదట్లో పోశాం. మామయ్య ఒట్టు వెనక్కి తీసుకుంటానన్నారు. గౌరక్క ఒప్పుకోలేదు.

"ఒట్టు ఒట్టే మేస్త్రీ. నేను ఓనర్‌ను. నీళ్లు గీతమ్మ కొడ్తది."

ఇరవై రోజులు నేనే కొట్టాను. మడులు కట్టడం చేతకాక మొదటి రోజు నీళ్లన్నీ కిందికి కారాయి. గౌరక్క గొడుగు కింద మనవరాలు వర్షిణిని ఒళ్లో వేసుకుని, "గా మూలకు పోయిందా? పోలేదు. నాకు ఈడికెల్లి కనపడ్తుంది" అని కేకలేసేది. కోదాడ కోడలికి నీళ్లంటే బకెట్లోవే తెలుసని మా మిగతా సైట్లవాళ్లకు కూడా చెప్పి నవ్వించింది. చెప్పులు వేసుకుని ఎక్కితే ఊరుకునేది కాదు. నడి ఎండలో ఉత్త కాళ్లతో తిరిగితే నాలుగో రోజుకే అరికాళ్లకు బొబ్బలొచ్చాయి. ఆమె చూసింది, కొబ్బరినూనె ఇచ్చింది గానీ సెలవు ఇవ్వలేదు. పదో రోజు దాటాక, ఎక్కడ కాలు చురుక్కుమంటుందో పెట్టకముందే తెలియడం మొదలైంది. ఆ రోజు నాకు గౌరక్క మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఇరవయ్యొకటో రోజు వచ్చింది. ఈసారి ఎవరినీ పిలవలేదు. ఇంటివాళ్లం, గౌరక్క, రాందాస్, జమునా, పాప. మామయ్య కుర్చీ వేశారు. ఆగి గౌరక్క వైపు చూశారు.

"నన్నేమడుగుతవ్ మేస్త్రీ?" అంది. "నీళ్లు కొట్టినామెను అడుగు."

మామయ్య నా వైపు తిరిగారు.

ఒక్క రోజు కూడా మానలేదు. ఒక్క మూల కూడా వదల్లేదు. నాకు తెలుసు. అయినా మెడ కదలలేదు. నేను తల ఊపితే ఒక మనిషి ఆ బరువు కింద కూర్చుంటాడు. ఊపడమంటే ఇదా! ఇంత భయమా! ఇరవై రెండేళ్లు, ఎన్ని స్లాబులకు, ఈమె తట్ట కింద పెట్టి చీర పిండుకుంటూ ఇట్లా ఊపింది? కళ్లలో నీళ్లు తిరిగి మామయ్య మసకగా కనిపించారు. ఊపాను.

ఆయన కూర్చున్నారు. ప్రార్థన చేసుకున్నారు. మధు సుత్తి ఎత్తాడు.

అప్పుడు గౌరక్క జమునా చేతుల్లోంచి పాపను తీసుకుంది. కొంగు సర్దుకుని స్లాబు కిందికి నడిచింది. కుర్చీ పక్కన, హాలు నడిమధ్యలో నిలబడింది.

"అక్కా!" నేను అరిచాను. "పాపను తీసుకుని ఎందుకు పోయావు? బయటికి రా!"

ఆమె పాప తల మీద కొంగు కప్పుతూ, నా వైపు ఆశ్చర్యంగా చూసింది.

"ఎందుకమ్మా? నువ్వే గద తల ఊపినవ్."